సిటీలో మనుషులు లేరు

జూన్ 9

శివశంకర్ బావ ఈ రోజు నుంచి నా షాపులో కూర్చుంటున్నాడు. ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ పడి ఉండలేనని రోజక్క ప్రాణం తీస్తున్నాడట. అక్కే పొద్దున ఆటోలో తెచ్చి దింపింది.

"మీ బావను నీ దగ్గర పెట్టుకోరా మధూ. కోడూరులో ఉంటే పొద్దస్తమానం సముద్రాన్ని తిడతా కూచుంటాడు. సముద్రం ఏం చేసింది పాపం" అంది.

టీబీ మాత్రలు ఏప్రిల్‌లో మొదలయ్యాయి. ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు చెప్పాడు. అయినా రొయ్యల వాన్ మీద ఎక్కే కూలీలు ఆయన తాగిన గ్లాసు వంక అదోలా చూస్తారట. వాన్ ఓనరు ఓబయ్య గారు మాత్రం మంచి మాటే అన్నాడు. మాత్రలు అయిపోయేదాకా బండెక్కొద్దు, అయిపోయాక బండి నీదే అన్నాడు. గుంటల్లో పెంచి పట్టుబడి నాడు వలేసి తీసిన రొయ్యల్ని ఐసు పెట్టెల్లో వేసుకుని కోవూరు ఫ్యాక్టరీ దాకా ఏళ్ల తరబడి ఆ వాన్ తోలింది బావే. దాని మీద ఉన్న ప్రేమ అక్క మీద కూడా లేదని మా ఇంట్లో అందరూ ఆయన్ని ఏడిపిస్తారు.

నా నెట్ సెంటర్ పోయి జెరాక్సు, రీచార్జీల షాపు అయింది కానీ, అప్పటి కంప్యూటరు ఒకటి మూలన ఉంది. బావ వచ్చీ రాగానే దాని మీద దుమ్ము తుడిచి, "సిటీ ఉందిరా ఇంకా?" అన్నాడు.

ఉంది.

జూన్ 10

వరసగా ఓడిపోయాను. సొంత షాపులో, సొంత మెషీన్ మీద, టీబీ మనిషి చేతిలో. ఒకరి తర్వాత ఒకరం ఆడతాం, పందెంలో ముందు స్థానం వచ్చినవాడు గెలిచినట్టు.

ఆ ఆటకు సిటీ అని పేరు పెట్టింది మా తోటపల్లి గూడూరు కుర్రాళ్లే. అసలు పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఎప్పుడూ రాత్రే ఉండే ఒక పెద్ద ఊరు, తడి రోడ్లు, రంగు లైట్లు, ఆ రోడ్ల మీద కార్ల పందేలు. నెట్ సెంటర్ రోజుల్లో బావ దీని కోసమే కోడూరు నుంచి సైకిలేసుకుని వచ్చేవాడు. నా ఆట మీద అంత మోజు ఉన్న మనిషి ఇంకొకడు లేడని మురిసిపోయేవాణ్ని. కౌంటర్లో మా అక్క కూర్చుంటుందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

జూన్ 14

ధనలక్ష్మి ఒక ఉపాయం చెప్పింది. పాత ఆటల మీద తెలుగులో వీడియోలు చెయ్యమంటుంది. "నాకు చెప్పి నా చెవులు తినే బదులు లోకానికి చెప్పొచ్చు గదా" అని. పెళ్లాం మాట వింటే బాగుపడతామంటారు. మొదటి వీడియో సిటీ మీదే. ఏం చెప్పాలో ఇక్కడ రాసుకుంటాను.

మంచి: చప్పుడు. ఒక్కో కారుకు ఒక్కో గొంతు. ఎదురుగా లారీ వస్తుంటే మలుపుకు ముందే దాని మోత వినిపిస్తుంది. టైరు రోడ్డు మీద ఉంటే ఒక చప్పుడు, గట్టుకు రాసుకుంటే ఇంకొకటి, వంతెన కింద దూరితే అంతా గుమ్మని మారిపోతుంది. ఇప్పటి ఆటలు ఎంత బొమ్మ చూపించినా చప్పుడు మీద ఇంత శ్రద్ధ పెట్టవు. ఇంకోటి, పనికిరాని పాత మెషీన్ మీద కూడా వెన్నలా నడుస్తుంది.

చెడు: కారు గోడకు గుద్దినా గీత పడదు. మన వెనకున్న కార్లు దొంగలు. మనం ఎంత వేగంగా పోయినా తోక పట్టుకుని వస్తాయి, మనం నెమ్మదిస్తే అవీ నెమ్మదిస్తాయి. అదేం పందెం? పైగా ఏ మలుపులో ఏ లారీ ఎదురొస్తుందో ప్రతిసారీ అదే. మార్కెట్ దాటగానే పాల వాన్, నది వంతెన దిగగానే బస్సు. పది సార్లు ఆడితే బట్టీ వచ్చేస్తుంది.

అన్నిటికంటే పెద్ద చెడు, అంత ఊళ్లో ఒక్క మనిషి ఉండడు. హోటళ్లలో లైట్లు వెలుగుతాయి, సిగ్నళ్లు పడతాయి, రోడ్డు దాటేవాడు ఒక్కడూ లేడు.

బావకు చదివి వినిపించాను. "మనుషులుంటే పందెం యాడ పెడతారా? నెల్లూరు ట్రంకు రోడ్డులో ఓ సారి పెట్టు, తెలుస్తాది" అన్నాడు.

జూన్ 20

వాన. కరెంటు లేదు. బావ అక్కను పొగిడాడు, అదీ అక్క లేనప్పుడు.

జూన్ 27

బావ ఎప్పుడూ ఎర్ర కారే తీసేవాడు. పెళ్లికొడుకు కారు అనేవాళ్లం. ఈ రోజు చూస్తే బూడిద రంగు కారు తీసి ఆడుతున్నాడు.

"ఏంది బావా, పెళ్లికొడుకును దించేసినావు?"

"ఎర్రదే గదరా ఇది" అన్నాడు. నేను నవ్వాను. ఆయన కూడా కాసేపాగి నవ్వాడు. "నిన్ను ఆట పట్టిద్దామని అన్నాలే. వయసైపోలా, ఎరుపు ఎందుకింక" అన్నాడు.

బూడిద కారుతోనూ నన్ను ఓడించాడు. మనిషి కోలుకుంటున్నాడు.

జులై 6

ఆదివారమని ధనలక్ష్మీ నేనూ కోడూరు పోయాం. అక్క మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టింది. గిన్నె చూస్తేనే చెమట పట్టేంత ఎర్రగా ఉంది. బావ ముద్ద కలుపుతూ, "కారం తగ్గించినావేందే, మట్టి నీళ్ల మాదిరి ఉండాది పులుసు" అన్నాడు. నోట్లో పెట్టుకోగానే పొలమారి నీళ్లు తాగాడు. అందరం పడీ పడీ నవ్వాం. మాత్రలు నోటి రుచిని పాడు చేస్తాయని అక్క సర్ది చెప్పింది.

రుచి సంగతి సరే. ఆయన అన్నది రంగు గురించి. ఏదో మాట తూలి ఉంటాడు.

జులై 13

బావ ఇప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడుతున్నాడు. జెరాక్సు మెషీన్ మోతలో ఆట వినిపించడం లేదట. వాట్సాప్‌లో ఏదొచ్చినా "చదవరా" అని ఫోను నా ముందు పెడతాడు. జవాబులు కూడా నోటితోనే పంపుతాడు. బద్ధకం. అక్క వల్ల చెడిపోయాడు.

జులై 22

బావను నెలవారీ చూపించడానికి తీసుకుపోయాను. ఊపిరితిత్తులు బాగున్నాయన్నాడు డాక్టరు. బరువు పెరిగాడట. చివర్లో, "కళ్లెలా ఉన్నాయి? మసకగా ఉందా? రంగులేమైనా తేడాగా కనిపిస్తున్నాయా?" అని అడిగాడు. మాత్రల్లో ఒకటి కొంతమందికి కంటి నరానికి పడదట. ఏప్రిల్‌లోనూ ఈ మాట చెప్పాడు, నేనూ విన్నాను. అలా అనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా రమ్మన్నాడు.

"బాగుండాయి సార్" అన్నాడు బావ.

నేను ఊరుకోవచ్చు కదా. "కంప్యూటర్లో కార్ల పందెం ఆడి రోజూ నన్ను ఓడిస్తున్నాడు సార్, కళ్లకేం" అన్నాను. డాక్టరు నవ్వి రాసుకుని పంపించేశాడు.

బయటికొచ్చాక బావ నా భుజం మీద చెయ్యేసి నడిచాడు. ఎప్పుడూ అలా వెయ్యడు. నాకు సంతోషమనిపించింది.

జులై 30

వీడియో మొదలుపెట్టాలి. మొదలుపెట్టలేదు.

బావ ఆడే తీరు వీడియోలో చూపించాలని ఉంది. తెర కేసి కళ్లు ఆర్పకుండా చూస్తాడు, కదలడు. మలుపు రాకముందే చెయ్యి తిరుగుతుంది. మధ్యలో గోడకు రాసుకుంటాడు, అది ఆయన పద్ధతి, లెక్క చెయ్యడు. ఆ ఊరి రోడ్లు మన మండలం రోడ్లకంటే ఆయనకే బాగా తెలుసు. ఈ ఆటలో మంచి ఏంటని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను: ఒకసారి నేర్చుకుంటే ఆ ఊరు నిన్ను మోసం చెయ్యదు. రోడ్డు తవ్వరు, కొత్త గుంట పడదు, గేదె అడ్డం రాదు.

ఆగస్టు 8

ఓబయ్య గారు షాపుకొచ్చాడు. బావ భోజనానికి పోయి ఉన్నాడు.

"రొండో పంట పట్టుబళ్లు మొదలవతాయి. కొత్త డ్రైవరు బండి నాశనం చేస్తుండాడు. మీ బావ మాత్రలు ఇంకా ఉండాయంట, అయినా మనిషి గట్టిపడినాడు గదా? చెయ్యి, చూపు ఎట్టుండాయి? నువ్వు పక్కనే ఉంటావు, నువ్వు చెప్పు" అన్నాడు.

నేను చెప్పాను. రోజూ చూస్తున్నాను, నా కంటే చురుగ్గా ఉన్నాడు అని చెప్పాను. సిటీ గురించి కూడా చెప్పాను. ఓబయ్య గారికి ఏమీ అర్థం కాలేదు కానీ తల ఊపాడు. పట్టుబడి రోజు తెల్లారి బండి తీసుకోమని కబురు చేస్తానన్నాడు.

సాయంత్రం చెబితే బావ మొహం వెలిగిపోతుందనుకున్నాను. ఆయన హెడ్‌ఫోన్ల వైరు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. తర్వాత, "కోవూరు దాకే గదా. దారి తెలిసిందే" అన్నాడు.

ఆగస్టు 12

అక్క వాన్‌కు కట్టడానికి నిమ్మకాయలు, మిరపకాయలు ఇప్పుడే తెచ్చి పెట్టింది. ఎండిపోతాయే అంటే వినదు.

ఆగస్టు 19

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. 

మధ్యాహ్నం బడి పిల్లల కార్డులు లామినేషన్‌కు వచ్చాయి. షాపులో ఉన్నది ఒకటే స్విచ్చు బోర్డు. జెరాక్సు ప్లగ్గు తీసి లామినేషన్ మెషీన్‌ది పెట్టాలి. వెనక్కి చెయ్యి పెట్టి చూడకుండా లాగాను. లాగింది జెరాక్సుది కాదు. మానిటర్‌ది.

తెర ఆరిపోయింది. బావ పందెం మధ్యలో ఉన్నాడు. తిడతాడని చూశాను. తిట్లు కూడా వినాలనిపించేలా తిడతాడు ఆయన.

తిట్టలేదు.

ఆడుతూనే ఉన్నాడు. హెడ్‌ఫోన్లు చెవులకు ఉన్నాయి, వేళ్లు మీటల మీద ఆడుతున్నాయి. ఎడమకు తిప్పాడు, బ్రేకు వేశాడు, మళ్లీ వదిలాడు. షట్టర్ నుంచి ఎండ పడి నల్లటి అద్దంలో ఆయన మొహం కనిపిస్తోంది. ఆయన ఆ మొహాన్నే చూస్తూ కారు నడుపుతున్నాడు. నేను ప్లగ్గు చేతిలో పట్టుకుని ఆ పందెం అయ్యేదాకా అలాగే నిలబడ్డాను.

అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి, "చూసినావా? మొదటోణ్ని నేనే" అన్నాడు.

ప్లగ్గు పెట్టాను. తెర వెలిగింది. రెండో స్థానం అని ఉంది.

"అవును బావా, నువ్వే" అన్నాను.

ఆగస్టు 20

తెర ఆరిపోయిందని చూసుకోలేదేమో. ఎండ పడుతోంది కదా. అలవాటుగా ఆడేసి ఉంటాడు. కారు బాగా వచ్చినవాడు రోడ్డు చూడకుండా మాట్లాడుతూ నడపడా?

అలా అనుకుంటూ పొద్దున్నుంచి ఆయన్ని చూస్తూనే ఉన్నాను. మామూలుగానే నడుస్తాడు. బల్లకు తగలడు, మెట్టు తడబడడు. పక్కన ఏది కదిలినా తెలుస్తుంది. కానీ టీ గ్లాసు అందిస్తే చెయ్యి గ్లాసును కాసేపు వెతుకుతుంది. ఆ వెతకడం ఎన్నాళ్లుగా ఉందో. నేను రోజూ ఆ గ్లాసు అందిస్తున్నవాణ్ని.

చివరికి ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"బావా, నా చొక్కా రంగు ఏంది?"

నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. బయట రోడ్డు మీద బస్సు పోయింది.

"ఎప్పుడు తెలిసిందిరా నీకు?" అన్నాడు.

"నిన్న. తెర ఆరిపోయింది బావా. నువ్వు ఆడతానే ఉన్నావు."

తల వంచుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాక అంతా చెప్పాడు. మొదట ఎరుపు పోయిందట, అంతా మట్టి రంగు అయిందట. తర్వాత ఏది చూడబోతే దాని నడిమధ్య మసక మచ్చ. పక్కలు కనిపిస్తాయి, చూసింది కనిపించదు. మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, మొహం ఉండదు. తెర కేసి చూస్తే మచ్చే తెరంతా కప్పేస్తుంది, వెలిగిందో ఆరిందో తెలియదు. ఆటలో లారీల్ని చెవితో పట్టుకుంటున్నాడు. మలుపులు బట్టీ. గోడకు తగిలినా కారుకు ఏమీ కాదు, వెనకున్న కార్లు ఆయన కోసం ఆగుతాయి.

నేను ఆ ఆటలో ఏవేవి చెడు అని రాసుకున్నానో అవన్నీ కలిసి ఆయన్ని గెలిపించాయి. నేను ఆ గెలుపు చూసి డాక్టరుకు పూచీ ఇచ్చి వచ్చాను.

"ఎందుకు చెప్పలా బావా?"

"చెప్తే బండెక్కనిస్తారా? మాత్రలు అయిపోతే అదే తగ్గిపోతాదిలే అనుకున్నా. నిన్ను ఓడిస్తా ఉంటే నాకే అనిపించేది, ఏం కాలేదులే అని." మళ్లీ, "నువ్వు గూడా అట్నే అంటివి గదా, కళ్లకేం అని" అన్నాడు. నిందగా అనలేదు. నిందించినా బాగుండేది.

అంతలో ఫోను మోగింది. ఓబయ్య గారు. ఎల్లుండి తెల్లారే పట్టుబడి, శివశంకర్‌ను రమ్మను అన్నాడు. బావ విన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క పట్టుబడి మధూ. ఒక్కటే. కోవూరు దాకా కళ్లు మూసుకోని పోతా నేను. మైపాడు గేటు, పెన్న వంతెన, యాడ గుంట ఉండాదో యాడ మలుపు ఉండాదో నాకు తెల్దా? ఆ తర్వాత నువ్వు యాడికి రమ్మంటే ఆడికి వస్తా."

"దారి నీకు తెలుసు బావా" అన్నాను. "దారిలో వచ్చే మనుషులు తెలీదు గదా. ఇది సిటీ కాదు. తెల్లారే పాలు తెచ్చుకునేవాళ్లు ఉంటారు. బడికి పొయ్యే పిల్లోళ్లు ఉంటారు."

చెయ్యి వదిలేశాడు.

ఆగస్టు 21

ఓబయ్య గారికి చెప్పాను. అక్కకు చెప్పాను.

బావ అన్న మాట రాయక తప్పదు. "నోటికాడ కూడు తీసినావురా. నా తమ్ముడై పుట్టుంటే ఈ పని చేసుండవు" అన్నాడు.

అక్క అన్న మాట ఇంకా పెద్దది. "రోజూ పొద్దున నుంచి సాయంత్రం దాకా పక్కనే కూచుంటివి గదరా. ఏం చూసినావు?"



ఆగస్టు 23

నెల్లూరు. కంటి ఆసుపత్రి. ఆ మాత్ర అప్పటికప్పుడే ఆపేశారు, వేరేది ఇచ్చారు. కంటి డాక్టరమ్మ చిన్నది, నెమ్మదిగా మాట్లాడుతుంది. నరం బాగా దెబ్బతిన్నదంది. మాత్ర ఆపాక కొందరికి నెలల మీద చూపు కొంత తిరిగి వస్తుంది, కొందరికి రాదు, ముందే చెప్పలేం అంది.

"రంగులు తేడాగా ఉన్నప్పుడే వచ్చి ఉంటే?" అని అడిగాడు బావ.

"అప్పుడు వచ్చి ఉంటే బాగుండేదండి" అంది. అబద్ధం చెప్పడం ఆమెకు రాలేదు.

పులుసు తిని నవ్విన రోజు గుర్తొచ్చింది. అందరం ఎంత నవ్వామో. ఆ రోజే బయల్దేరి ఉంటే.

తిరుగు బస్సులో అక్క బావ పక్కన కూర్చుంది. నేను వెనక సీట్లో.

సెప్టెంబర్ 2

బావ షాపుకు రావడం మానేశాడు.

సెప్టెంబర్ 5

రాలేదు.

సెప్టెంబర్ 11

సిటీ పెట్టాను. నేనొక్కణ్నే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని ఆడి చూశాను. మొదటి మలుపులోనే గోడ. మళ్లీ గోడ. వెనక్కి పోయి మళ్లీ గోడ. ఒక్క పందెం కూడా పూర్తి చెయ్యలేకపోయాను.

అంత కష్టపడ్డాడు ఆయన, నా పక్కనే కూర్చుని, రోజూ. ఏడుపొచ్చింది. ఎవరో జెరాక్సుకు వస్తే మొహం కడుక్కుని చేసిచ్చాను.

సెప్టెంబర్ 13

ఆట తీసేశాను. ధనలక్ష్మి వీడియో సంగతి అడగలేదు. అడగనందుకు దండం పెట్టాలనిపించింది.

సెప్టెంబర్ 28

కోడూరు పోయాను. బావ వాకిట్లో మంచం మీద ఉన్నాడు. నా చప్పుడు గుర్తుపట్టి, "రా బామ్మర్దీ" అన్నాడు. అంతే. అంతకంటే ఎక్కువ ఆశించలేదు, ఆ ఒక్క మాటకే కడుపు నిండింది. అక్క టీ తెచ్చి నా ముందు పెట్టి లోపలికి పోయింది.

ఓబయ్య గారు బావకు ఐసు షెడ్డులో పని ఇస్తానన్నాడట. పెట్టెలు ఎత్తించడం, కూలీల్ని కేకలేయడం. బావ ఒప్పుకున్నాడు. వాన్ తాళాలు ఇంకొకడి జేబులో గలగలలాడుతుంటే ఎలా ఉంటుందో నేను అడగలేదు.

అక్టోబర్ 10

అక్క ఫోను చేసింది. ఆసుపత్రికి పోయొచ్చాక ఆమె ఫోను చెయ్యడం ఇదే మొదటిసారి.

"ఎరుపు కాస్త తెలుస్తుందంటుండాడు" అంది. పెట్టేసింది.

అక్టోబర్ 31

డాక్టరమ్మ మళ్లీ చూసింది. రంగులు కొంత వచ్చాయి. నడిమధ్య మచ్చ కాస్త చిన్నదయింది, పోలేదు. ఇంకా కొన్ని నెలలు చూద్దాం కానీ దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు అంది. డ్రైవింగ్ గురించి బావ అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆ తర్వాత ఆయన్ని ఇంకో గదిలోకి తీసుకుపోయి చాలాసేపు ఏదో నేర్పించారు. మేం బయట బెంచీ మీద ఉన్నాం. అక్కకూ నాకూ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ.

నవంబర్ 9

అక్క షాపుకొచ్చింది. ఎండలో నడిచి వచ్చినట్టుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ బావ నా మొహం చూసి మాట్లాడటం లేదురా. ఇంట్లో ఏం అడిగినా గోడకేసి తిరిగి జవాబు చెప్తుండాడు. షెడ్డు కాడ కూలీలతో గూడా అంతేనంట. నా మీద కోపం మధూ. నీతో చేరి బండి తీయించినానని కోపం. ఇన్నేళ్లలో ఎన్ని తిట్టుకున్నా మొహం తిప్పుకోని ఉండలా."

ఆమె అంతసేపు నాతో మాట్లాడి చాలా రోజులైంది. షట్టర్ దించి ఆమెతో పాటే కోడూరు బయల్దేరాను.

బావ తలుపు పక్క స్టూలు మీద ఉన్నాడు. అక్క ఎదురుగా నిలబడింది. ఆయన గోడ మీది క్యాలెండర్ కేసి తిరిగి, "ఏంది, తమ్ముణ్ని పిలుచుకోని వచ్చినావు పంచాయితీకి?" అన్నాడు.

"చూడరా, నువ్వే చూడు. ఇదీ వరస" అంది అక్క. "ఇట్ట గోడతో మాట్లాడేదానికంటే నాలుగు దెబ్బలు కొట్టు, నేనేం అనుకోను."

బావ మెల్లగా అన్నాడు.

"నీకేసి చూస్తే నువ్వు కనపడవే రోజా. మచ్చ వచ్చి నీ మొహం మీదే కూచుంటాది. పక్కకు చూస్తే నువ్వు అంచులో కనపడతావు. ఆసుపత్రిలో అదే నేర్పించినారు, చూడాలనుకున్నదాని పక్కకు చూడమని. గోడ కోసం చూస్తున్నాననుకుంటివా? గోడలో ఏముండాది నాకు?"



"ముందే చెప్పొచ్చు గదయ్యా" అంది అక్క.

"చెప్తే ఏడస్తావని."

"ఇప్పుడు కనపడతన్నానా?"

"కనపడతన్నావు. చుట్టూతా మసగ్గా ఉండాది గానీ, నువ్వే. ఏదీ, నవ్వు ఒకసారి."

"నవ్వతానే ఉండా" అంది అక్క.

"అబద్ధం" అన్నాడు బావ, గోడకేసి చూస్తూనే. "చెంగు మొహానికి ఎత్తినావు. చూసినా నేను."